ఉప్పు చూసి ఆపేశాను

దవాఖానలో చేపల తొట్టి మోటారు గురగురమంటే నేనిప్పటికీ అటు చూడలేను.

తెలంగాణ ఉద్యమంలో ఓ సమ్మె రోజు జనగామలో కరెంటు పోయి, మా కిరాణా దుకాణంలోని ఉప్పునీటి చేప తొట్టిలో మోటారు ఆగింది. రాస్తారోకోకు పోతూ నాయిన చెంబు చేతికిచ్చాడు.

"నీళ్లు ముంచి, పైకెల్లి మల్ల తొట్లనే పొయ్యి బిడ్డా. ఆపితే చేప సస్తది."

"యాభై చెంబులు చాలవా?" బేరం పెట్టాను.

"నేనొచ్చేదాక!"

ఉప్పు అడుగున పేరుకోకుండా కలపమన్నాడనుకున్నాను. దుకాణపు పిల్లను కదా, కాసేపయ్యాక వేలు ముంచి రుచి చూశాను. ఉప్పు సరిపోయింది. చెంబు పక్కన పెట్టేశాను.

నాయిన వచ్చేసరికి చేప వెల్లకిలా తేలింది.

"ఆపినవా?"

"లేదు."

"గట్లయితే కరెంటే సంపింది," అంటూ నా తల నిమిరాడు.

నీళ్లు కదిలితేనే చేపకు గాలి అందుతుందని పెద్దయ్యాక తెలిసింది. నాయినకు ఇంకా చెప్పలేదు. పాపం, నేరం కరెంటు మీదే ఉంది.