గేటు ముందు ఖాళీ బిందెలు

పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘానికి కొత్తగా వచ్చిన కుర్ర అయ్యగారు, ముసలీ ముతకా అని చూడకుండా, అందరి చేతుల్లోనూ తలా ఒక చీటీ పెట్టారు. వచ్చే నెలలో మా ఊరు చింతామణిలో జరగబోయే ఉజ్జీవ కూడికల కోసమట, బస్టాండు దగ్గర నిలువెత్తు బ్యానరు కూడా కట్టించారు. చీటీ పైన "మన ఊరి పట్ల దేవుని ఉద్దేశం ఏమిటి? ఒక్క వాక్యంలో రాయండి" అని అచ్చువేసి, కింద ఒకే ఒక గీత గీశారు. జీవితమంతా బడిపిల్లలకు గీత దాటకుండా రాయమని చెప్పి చెప్పి రిటైరైన టీచరమ్మను, నాకే ఆ గీత చాలదనిపించింది. ఇంటికొచ్చి కళ్ళజోడు పెట్టుకొని ఆ చీటీ చూస్తూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను, ఎందుకంటే ఇదే ప్రశ్నను మా సంఘాన్ని అడిగిన అయ్యగారు ఇంకొకరు ఉండేవారు. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు.

ఆ రోజుల్లో మా మందిరం పెంకుల కప్పుతో, నిండా నలభై మంది పట్టే ఒక చిన్న హాలు. చుట్టూ రాళ్ళ గోడ, ముందర ఇనుప గేటు, లోపల ఒక బావి, బావి పక్కనే బాప్తిస్మాల కోసం కట్టిన సిమెంటు తొట్టి. ఎండాకాలంలో మా ఊరి నీళ్ళ కరువు ఎలా ఉండేదో నా ఈడు వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. కొళాయి ఎప్పుడు వస్తుందో దానికే తెలియదు, బోర్లలో వచ్చే నీళ్ళేమో ఉప్పు, వాటితో పొద్దున పొయ్యి మీద పెట్టిన పప్పు మధ్యాహ్నానికి కూడా ఉడికేది కాదు. అలాంటి ఊళ్ళో మా మందిరం బావి నీళ్ళు కొబ్బరినీళ్ళలా తియ్యగా ఉండేవి, ఆ బావికి మాత్రం ఇనుప మూత, మూతకు తాళం.

ఆ తాళం వేసింది మా నాయనే. పట్టుగూళ్ళ మార్కెట్టులో గుమాస్తాగా పనిచేసేవాడు, సంఘానికి పెద్ద, మాట మీద నిలబడే మనిషి, అంటే మొండి అని మర్యాదగా చెబుతున్నాను. ఎవరో ఒక సారి బావి గట్టు మీద బట్టలు ఉతికి సబ్బునీళ్ళు లోపలికి పోనిచ్చారని, ఆ మరుసటి ఏడు ఊట కూడా తగ్గిందని, బావికీ గేటుకూ తాళాలు వేసి తాళంచెవులు రెండూ మొలతాడుకు కట్టుకున్నాడు. సంఘంలోని ఇళ్ళకు ఆదివారం ఆరాధన అయ్యాక రెండేసి బిందెలు, మిగిలిందంతా బాప్తిస్మాలకు. తమాషా ఏమిటంటే మూడేళ్ళుగా మా సంఘంలో ఒక్క బాప్తిస్మమూ జరగలేదు. తొట్టిలో ఎండాకులు చేరి, పక్కింటి కోడి ఒకటి అందులో గుడ్లు పెట్టుకునేది.

అటువంటి సంఘానికి గుడిబండె నుంచి ఒక అయ్యగారు వచ్చారు. ఆయన ఎంత పొడుగంటే మందిరం వాకిట్లో తల వంచడం అలవాటయ్యేదాకా నుదుటి మీద బొప్పి తగ్గలేదు. మొదటి ఆదివారమే ఆయన, దేవుడు ఈ చింతామణిని ఇక్కడ ఎందుకు పెట్టినాడో ఇంటింటా ఆలోచించి చెప్పమని అడిగారు. మా చిన్నమ్మ మొగుడు టమాటలకని చెప్పాడు, ఆయనకు మండీలో పని. నాయన మన విశ్వాసాన్ని పరీక్షించడానికన్నాడు. నాకేమీ తోచలేదు. అందరికంటే సులువుగా చెప్పింది మా అవ్వ, అంటే నాయనమ్మ, అమ్మ పోయినప్పటి నుంచి నన్ను పెంచిన మనిషి. మురుగమల్ల దర్గాకు పోయేవాళ్ళంతా ఈడ బస్సు దిగి ఇంకో బస్సు ఎక్కుతారు, అందుకే దేవుడు ఈ ఊరిని పెట్టినాడని చెప్పి, తమలపాకు నోట్లో వేసుకుంది. అందరూ నవ్వారు, అయ్యగారు కూడా నవ్వారు గానీ పుస్తకంలో రాసుకున్నారు.

ఆ ఎండాకాలంలోనే నాకు బాగేపల్లి దగ్గర ఒక పల్లెబడిలో ఉద్యోగం వచ్చింది, సోమవారం పొద్దున చేరాలి. దానికి ముందు రోజు, ఆదివారం, బాప్తిస్మం తీసుకొని పోవాలని నాకు ఎంత ఆశో చెప్పలేను. అమ్మ ఆ తొట్టిలోనే మునిగిందని, పైకి లేచినప్పుడు నవ్విందని అవ్వ చెప్పిన మాట ఒక్కటే నా దగ్గరున్న అమ్మ గుర్తు. నాయనకూ అదే పట్టుదల. బావిలో ఊట ఎంత తక్కువంటే తొట్టి నిండడానికి సరిగ్గా సరిపోతుంది, ఆ వారం సంఘానికి కూడా నీళ్ళు ఇవ్వకుండా మూత బిగించాడు. తొట్టి కడిగాం, కోడిని తరిమాం, నేను తెల్లచీర ఉతికి గంజి పెట్టుకున్నాను.

అయ్యగారికి ఇంకొక ఆలోచన వచ్చింది. యెరికో పట్టణం చుట్టూ ఆనాటి వాళ్ళు మాటా పలుకూ లేకుండా తిరిగినట్టు, మనమూ ఆ ఆదివారానికి ముందు వచ్చే సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున్నే ఊరు చుట్టి వద్దామని, నడిచేటప్పుడు మనసులోనే ఊరి కోసం ప్రార్థించాలని, ఆదివారం నా బాప్తిస్మం రోజున అందరూ ఒక్కసారిగా జయధ్వని చేయాలని చెప్పారు. మాట్లాడకూడదన్న నియమాన్ని మా నాయన ఇంకా బిగించాడు, తుమ్ము వచ్చినా కొంగు అడ్డం పెట్టుకోవాలన్నాడు. అలా సోమవారం పొద్దున పాతిక మందిమి, ముందర పొడుగాటి అయ్యగారు, వెనుక నాయన, మధ్యలో మేము, మండీ మీదుగా, బస్టాండు మీదుగా ఊరు చుట్టాం. టమాట పెట్టెలు దించే కూలీలు పని ఆపి మమ్మల్ని చూశారు.

రెండో రోజు, మందిరం గేటుకెదురింటి అక్క వీధి ఊడుస్తూ మమ్మల్ని ఆపింది. పూలు కట్టి అమ్ముకునే మనిషి, నా చిన్నప్పుడు నాకు ఎన్ని జడలు అల్లిందో లెక్కలేదు. "ఈ నడక నీళ్ళ కోసమేనా అమ్మా?" అని మా చిన్నమ్మను అడిగింది. చిన్నమ్మ నోరు విప్పకూడదు కదా, కాదన్నట్టు తల ఊపింది. మా వైపు తల ఊపడం సంగతి మీకు తెలిసిందే, అవునన్నా ఒకటే ఊపు, కాదన్నా ఒకటే ఊపు. ఎదురింటి అక్క చీపురు గోడకు ఆనించి, "అయితే నేనూ వస్తాండా" అని వెనకాలే నడిచింది.

ఇంకేముంది, బుధవారానికి వీధంతా, గురువారానికి నాలుగు వీధులు. ఎవరూ నినాదాలు ఇవ్వని ఊరేగింపు వాళ్ళు చూసి ఎరుగరు, ఇది ఏదో గట్టి పోరాటమే అనుకున్నారు. తాలూకా కచేరి ముందుకు రాగానే ఎవరో ఖాళీ బిందె మీద గరిటెతో దరువు వేయడం మొదలుపెట్టారు. మాకు నవ్వు ఆగడం లేదు, నవ్వకూడదు, చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నడక అయ్యాక గేటు దగ్గర విడమరచి చెబుదామంటే అప్పటికే అందరూ పనులకు వెళ్ళిపోయేవాళ్ళు, చెప్పినా నమ్మే దశ దాటిపోయింది. అయ్యగారు దిగులుపడ్డారు. ఊరిలో ఉజ్జీవం రావాలని అడుగుతుంటే బిందెలు వస్తున్నాయేమిటని అవ్వ దగ్గర వాపోయారు కూడా.

శనివారం నాటికి వెనక ఏభై అరవై మంది ఆడవాళ్ళు, తలా ఒక బిందె. ఊరు చుట్టి వచ్చి మేము మందిరం గేటు ముందు ఆగితే, మేము వాళ్ళను నీళ్ళ దగ్గరికే నడిపించుకొచ్చామనుకొని వాళ్ళూ ఆగారు. బిందెల చప్పుడు కూడా ఆగిపోయింది. లోపలికి పోయి ప్రార్థన చేసేదాకా మాట్లాడకూడదు కాబట్టి అయ్యగారు నిలబడి చూస్తున్నారు. నియమాన్ని బిగించిన నాయనే మొదట నియమం తప్పాడు.

"అమ్మా, ఈ నీళ్ళు ఊరివి గాదు. దేవునివి."

ఎదురింటి అక్కకు కోపం రాలేదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది.

"అయితే మేము ఎవురి వాళ్ళమప్పా?"

నాయన చెయ్యి మొలతాడు మీదికి పోయింది. నన్ను పక్కకు పిలిచి తాళంచెవులు విప్పి నా చేతిలో పెట్టాడు. "నీకని దాచిన నీళ్ళు. నువ్వే చెప్పు పాపా" అన్నాడు.

ఇక్కడ నేను చాలా గొప్పగా ఆలోచించానని రాస్తే మీరు నమ్ముతారేమో గానీ, అది అబద్ధం. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు తాళం వేసింది ఈయన, ఈ రోజు తీయాల్సింది నేనా అనిపించింది. అమ్మ మునిగిన తొట్టి, గంజిపెట్టిన చీర, సోమవారం బాగేపల్లి బస్సు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఊరంతటికీ ఇస్తే బావి అడుగంటుతుంది, మళ్ళీ ఊరేదాకా నేను ఇక్కడ ఉండను. అయినా అంతమంది నిలబడి చూస్తుంటే, అందులో నా జడలు అల్లిన మనిషి కూడా ఉంటే, తాళం తీయకుండా ఉండడం నా వల్ల కాలేదు. ఏడుపు ముఖంతోనే గేటు తీశాను, మూతా తీశాను.

మధ్యాహ్నం దాకా తోడారు. అయ్యగారు అంగీ చేతులు మడిచి తాడు లాగి లాగి అరచేతులు బొబ్బలెక్కించుకున్నారు. నాయన మొదట దూరంగా నిలబడి, తరువాత వరుస సరిచేయడం మొదలుపెట్టి, మధ్యాహ్నానికి ఎవరింట్లో ఎంతమంది పిల్లలో కూడా తెలుసుకున్నాడు. మా అవ్వ మాత్రం ఊరుకోలేదు, వచ్చిన ప్రతి బిందెతోనూ రేపు నా మనవరాలి మునక ఉండె, పాడైపాయె అని నిష్ఠూరంగా చెప్పుకుంటూ కూర్చుంది. చివరికి చేద బురదతో పైకి వచ్చింది. నేను ఇంటికి పోయి తెల్లచీర మడిచి పెట్టెలో పెట్టి, ముఖం గోడ వైపు తిప్పుకొని పడుకున్నాను.

ఆదివారం ఆరాధన మొదలయ్యింది. నాయన గేటుకు తాళం వేయడం మరిచిపోయాడో, వేయలేదో, ఇప్పటికీ నాకు తెలియదు. పాట సగంలో ఉండగా ఎదురింటి అక్క బిందెతో వచ్చి, ఎవరినీ అడగకుండా తొట్టిలో నీళ్ళు వంచి, "మీ పాప మునకకు నీళ్ళు లేవంట గదప్పా" అంది. ఆమె వెనక ఇంకొకరు, ఇంకొకరు. అందరూ రాలేదు, వచ్చినవాళ్ళు కూడా నిండు బిందెలు తేలేదు, గొంతులు ఎండగట్టుకొని ఎవరూ తేలేరు కదా. ఒకామె చెంబుడు తెచ్చి, పిల్లోడికి జ్వరం, అంతకంటే వీలుకాలేదని సిగ్గుపడింది. పాట ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ తెలియలేదు. నేను ఏడుస్తూనే ఇంటికి పరుగెత్తి చీర మార్చుకొని వచ్చాను.

తొట్టి మోకాళ్ళ దాకా నిండింది. అయ్యగారేమో అంత పొడుగు, నీళ్ళేమో ఇంత లోతు, నన్ను కూర్చోబెట్టి, ఆయన మోకాళ్ళ మీద వంగి, వెల్లకిలా పడుకోబెట్టి ముంచాల్సి వచ్చింది. నా ముక్కుల్లోకి నీళ్ళు పోయాయి, దగ్గుకుంటూ లేస్తే జుట్టులో ఎవరి బిందెలోదో ఒక కరివేపాకు రెబ్బ. గోడ అవతల నుంచి తొంగి చూస్తున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు, లోపలివాళ్ళూ నవ్వారు, నేనూ నవ్వాను. మేము చేయాలనుకున్న జయధ్వని అందరూ మరిచిపోయారు. అమ్మ కూడా ఇలాగే నవ్విందా అని అవ్వను అడిగితే, ఇంత గట్టిగా మాత్రం కాదు అంది.

ఆ రోజు అయ్యగారు ప్రసంగం చేయలేకపోయారు. ఆరు రోజులు ఈ ఊరు మందిరానికి రావాలని ప్రార్థించానని, అది బిందెలు పట్టుకొని నా వెనకాలే వస్తుంటే గుర్తుపట్టలేకపోయానని మాత్రం చెప్పి కూర్చున్నారు. తరువాత ఎన్నో ఏళ్ళకు ఒక పెళ్ళిలో కలిసినప్పుడు, ఆ ప్రశ్నకు సరైన జవాబు మీ అవ్వదేనమ్మా అన్నారు, దారిన పోయేవాళ్ళు దిగి గొంతు తడుపుకొని పోయే ఊరు అని ఆమె చెప్పినట్టే రాసుకున్నానన్నారు. అవ్వ చెప్పింది బస్సు గురించి మాత్రమే, ఆ గొంతు తడుపుకోవడం ఆయన కలిపిందే, కానీ నేను దిద్దలేదు.

మా నాయన ఆ తరువాత గేటుకు తాళం వేయలేదు. ఊట ఉన్నన్నాళ్ళు ఇంటికి ఒక బిందె చొప్పున ఇప్పిస్తూ, పొద్దున్నే గేటు పక్కన కుర్చీ వేసుకొని, తాను చనిపోయే ముందు ఏడాది దాకా అదే పని చేశాడు. ఆ ఆడవాళ్ళలో ఎందరు మా సంఘంలో చేరారని అడిగితే నేను చెప్పలేను, లెక్క పెట్టాలని మాకు తోచలేదు. నాయన పోయిన రోజు వీధిలో ఎవరింట్లోనూ పొయ్యి వెలగలేదు, అది మాత్రం చెప్పగలను.

ఇప్పుడు మందిరం రెండంతస్తులు. బావి ఎండిపోతే బండలు పరిచి దాని మీద కార్లు నిలుపుతున్నారు. బాప్తిస్మాల తొట్టికి నీలం టైల్సు వేశారు, ట్యాంకరు వచ్చి ఒక గంటలో మెడలోతు నింపిపోతుంది, ఎవరినీ కూర్చోబెట్టి ముంచాల్సిన పనిలేదు. ఊళ్ళో వీధివీధికీ శుద్ధమైన నీళ్ళ ఘటకాలు, అంటే ఫిల్టరు నీళ్ళ ప్లాంట్లు, వచ్చాయి, కార్డు పెడితే క్యాను నిండుతుంది, మంచిదే, ఆ కష్టం ఎవరికీ మళ్ళీ రాకూడదు. మందిరం గేటుకు మాత్రం ఆరాధన రోజుల్లో తప్ప మళ్ళీ తాళం, పైన కెమెరా. నాయన మొలతాడు తాళంచెవులు నా సూదీదారం డబ్బాలో ఉన్నాయి, వాటితో తీయడానికి ఇప్పుడు ఏమీ లేదు. ఆ రోజుల్లో ఎవరింట్లో ఏం ఖాళీ అయిందో చంకన ఉన్న బిందె చూస్తే తెలిసిపోయేది, ఇప్పుడు మా వీధిలో పక్కింటి అమ్మాయికి ఏం కరువో నాకు తెలియదు, అడగడానికి ఒక సాకు కూడా దొరకదు.

కుర్ర అయ్యగారు మంచివాడు, పాపం ఆదివారం చీటీ అడుగుతాడు. చాలాసేపు ఆలోచించి పెన్ను తీసి, "అయ్యా, ముందు గేటు తాళం తీయించండి, పక్కన నాకొక కుర్చీ వేయించండి, ఎవరు ఏం పట్టుకొని వస్తారో చూద్దాం" అని రాశాను. చూసుకుంటే గీత దాటిపోయింది. దాటితే దాటిందని అలాగే మడిచి పెట్టాను.