అత్తమ్మ నిద్ర మాత్ర

ఎనభైల చివర నేను గద్వాలలో కొత్త కోడలిని. మామ పోయిన ఆరు నెలలకు మగ్గం మీద ఆయన కూర్చునే చోటు నాకిచ్చారు. పక్కన అత్తమ్మ. మా చీరకు నడుమ బట్ట నూలు, అంచులు పట్టు. చెరో అంచు మాది. నూలు పోగు అంచు దాకా వచ్చిన ప్రతిసారీ దాన్ని పట్టు పోగుతో మెలివేయాలి. మెలిక తప్పితే అక్కడ అంచు విడిపోతుంది. నేను తప్పానంటే చాలు, "కండ్లు ఏడ వెట్టినవే?" అని పొద్దంతా వాయించేది.

మామ పోయినప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు. దవాఖానలో డాక్టరు పడుకునే ముందు సగం మాత్ర వేసుకోమన్నాడు. నాలుగు రోజులు హాయిగా పడుకుంది. సగానికే ఇంత సుఖముంటే నిండు మాత్రకు ఎంతుంటుందోనని సొంత వైద్యం మొదలుపెట్టింది. తరువాత అదీ చాలలేదు.

మా అత్త మారిపోయింది. పొద్దెక్కినా కళ్లు మూతలు పడేవి. గడప దాటుతూ తూలితే, ఏనాడూ కల్లు ముట్టని మనిషిని పక్కింటావిడ అనుమానంగా చూసింది. ఇప్పుడే తాగిన చాయ్ మళ్లీ అడిగేది. కానీ తిట్టడం మానేసింది. నేనేం చేసినా "కానియ్ బిడ్డా" అని మెత్తగా నవ్వేది. మాత్రలు ఎంత తొందరగా అయిపోతున్నాయో నాకు తెలుసు. అయినా నోరు మెదపలేదు, నా ప్రాణం సుఖంగా ఉంది మరి. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒక చీరను మగ్గం మీంచి దించి వెలుగుకు పట్టి చూశాను. ఆమె వైపు అంచు వెంట జానెడు మేర వేలు దూరేంత సందులు. చూపిస్తే, "నేనే నేసిననా?" అంది. ముప్పై ఏళ్లుగా కళ్లు మూసుకుని వేసిన మెలిక అది. ఆమెకు కోపం కూడా రాలేదు. అప్పుడు వేసింది నాకు భయం, నా అత్త ఇక నాకు దొరకదేమోనని.

ఆ రోజే దవాఖానకు తీసుకెళ్లి, దాచిందంతా చెప్పేశాను. డాక్టరు నన్నే కోప్పడ్డాడు. "ఒక్కసారే బంద్ చేయొద్దమ్మా, ఫిట్స్ రావచ్చు. నేను చెప్పినట్టు జర జర తగ్గియ్యాలె. మాత్రలు నీ దగ్గర పెట్టుకో" అన్నాడు. నెలలు పట్టింది. చేతులు వణికాయి, నిద్ర మళ్లీ పోయింది, చీటికిమాటికి ఏడ్చేది. తల ఒళ్లో పెట్టుకుని నూనె రాసేదాన్ని.

ఒకనాడు మగ్గం మీద నా చేతిపై ఫట్‌మని కొట్టింది. "తప్పినవ్! కండ్లు ఏడ వెట్టినవే?" నాకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

కాసేపటికి పోగు నడిపే నాడె ఆపి అడిగింది. "నేను నోరు మూసుకున్న దినాలు నీకు మంచిగుండె గదా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "ఉండె, అత్తా."

"నాగ్గూడ మంచిగనే ఉండె. మీ మామ యాదికి రాకపోతుండె" అంది. నేను తప్పిన మెలికను తానే విప్పి, మళ్లీ వేసింది.