స్టార్ గుర్తూ, తోడికోడలూ

మా మరిది పుంగనూరు అమ్మాయిని పెళ్ళి చేసుకున్న ఏడాదే ఆమెకు మా ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఇంట్లో పక్క పొయ్యి దగ్గరా ఆమే, ఆఫీసులో పక్క కుర్చీలోనూ ఆమే. నేను పెద్ద కోడలిని. వయసులోనూ, ఉద్యోగంలోనూ పెద్దదాన్ని.

మదనపల్లె బస్టాండుకు దగ్గర్లో, ఒక మందుల షాపు మీది అంతస్తులో ఉంటుంది మా ఆఫీసు. ఫోటో స్టూడియోల వాళ్ళు తీసిన ఫోటోలు వాటంతటవే ఇంకో డిస్కులోకి కాపీ అయ్యే సాఫ్ట్‌వేర్ మాది. ఏవి కాపీ చేయనక్కర్లేదో వాళ్ళే రాసి పెట్టుకోవచ్చు. test*.jpg అని రాస్తే, test అని మొదలయ్యే ఫోటోలన్నీ వదిలేయమని అర్థం. స్టార్ ఉన్న చోట ఏ అక్షరాలైనా ఉండొచ్చు. మా ప్రోగ్రాముకు ఇది నేరుగా అర్థం కాదు. దీన్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనే ఇంకో గుర్తుల భాషలోకి మార్చి ఇవ్వాలి. ఆ మార్చే పని నాది. కుప్పంలో చదువుకునేటప్పటి నుంచీ నాకు ఆ గుర్తులంటే ఇష్టం. తక్కినవాళ్ళు వాటిని చూస్తేనే తల పట్టుకుని, "అక్కనడగండి" అనేవారు. ఆ మాట వినడానికే ఆఫీసుకు వెళ్ళినట్టు ఉండేది నాకు.

ఇంట్లో అలాంటి మాటలు అప్పటికే ఆమెవైపు వెళ్ళిపోయాయి. "చిన్నామె కెలికిన సంగటి సూడు, ఒక్క ఉండ కట్టలేదు" అనేది అత్త. మామ ఫోను పాడైతే ఆమెనే పిలిచేవాడు. పోనీలే, ఆఫీసు ఉంది కదా అనుకునేదాన్ని.

ఒకరోజు బి.కొత్తకోట నుంచి ఒక స్టూడియో ఆయన లాప్‌టాప్, డిస్కు రెండూ సంచిలో వేసుకుని వచ్చాడు.

"అమ్మా, మొన్నటి పెండ్లి ఫోటోలు డిస్కులో ఒక్కటీ లేవే! లాప్‌టాప్‌లో ఉండాయి గాబట్టి బతికిపోతిని. అది చెడిపోయింటే పెండ్లోళ్ళకు ఏమని సెప్పాల?"

నేను ఆయన రాసుకున్నవి తెరిచి చూశాను. test*.jpg ఒక్కటే ఉంది. పెళ్ళి ఫోటోల పేర్లలో ఎక్కడా test లేదు. అంతా సరిగ్గానే ఉంది. మళ్ళీ చదివాను. మా ఆఫీసు నడిపే సార్ వచ్చి నా వెనక నిలబడ్డాడు. చెమట పట్టింది.

నా తోడికోడలు తన కుర్చీలోంచే తొంగిచూసింది. "అక్కా, ఫోటోలు పెట్టిన ఫోల్డర్ పేరు latest కదా? దాంట్లో test ఉండాది సూడు."

ఉంది. లేటెస్ట్‌లో టెస్ట్ ఉంది. మా ప్రోగ్రాము ఫోల్డర్ పేరునూ ఫోటో పేరునూ కలిపి ఒకే వరసగా చదువుతుంది. పేరు మొదటి నుంచే test ఉండాలన్న షరతు నేను పెట్టలేదు. పైగా స్టార్‌కు బదులు నేను పెట్టిన గుర్తు, ఫోల్డర్ పేరుకూ ఫోటో పేరుకూ మధ్యనుండే ఏటవాలు గీతను కూడా దాటిపోతుంది. అందుకే ఆ ఫోల్డర్‌లోని ఫోటోలన్నీ వదిలేయాల్సినవాటిలో కలిసిపోయాయి.

"యాలమ్మా ఇంతసేపు? ఈయమ్మ సిటికెలో పట్టేసిందే!" అన్నాడు స్టూడియో ఆయన నవ్వుతూ. సార్ కూడా నవ్వాడు. "ఈ భాగం ఇకమీదట నువ్వు చూడమ్మా" అన్నాడు ఆమెతో.

బాత్రూములోకి వెళ్ళి ముఖం కడుక్కున్నాను.

వారం తిరక్కుండానే ఆమె నేను రాసినదంతా తీసేసి కొత్తగా రాసింది. పరీక్షించే పని నేనే అడిగి తీసుకున్నాను. సార్ నా మంచితనం అనుకున్నాడు. అది మంచితనం కాదు. ఆమె రాసినదాంట్లో తప్పు దొరకాలి, అంతే. చుక్కలున్న పేర్లు పెట్టాను, బ్రాకెట్లున్నవి పెట్టాను, ఫోల్డర్లో ఫోల్డర్ పెట్టాను. అన్నీ నెగ్గాయి. నెగ్గిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది. పక్కనే ఆమె తీరిగ్గా వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, "తిందువు రా అక్కా" అనేది.

చివరికి మా కుప్పంలోని ఒక స్టూడియో గుర్తొచ్చింది. అక్కడ ఫైళ్ళ పేర్లు తెలుగులో పెడతారు. ప్రశ్న గుర్తు పెడితే ఒక అక్షరం అని లెక్క. రెండు ప్రశ్న గుర్తులు పెట్టి చూశాను. 'రమ' దొరికింది. 'రాము' దొరకలేదు. మనకు అవి రెండూ రెండక్షరాలే. కంప్యూటరు మాత్రం దీర్ఘాన్నీ, కొమ్మునూ విడివిడి అక్షరాలుగా లెక్కపెడుతుంది.

ఎంత సంతోషమైందో! వెంటనే ఆమెకు చెప్పలేదు. సోమవారం అందరూ కూర్చునే దాకా దాచి, సార్ ముందు చూపించాను. ఆమె ముఖం చిన్నబోవడం చూడాలని ఆమె వైపే చూస్తూ చెప్పాను.

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "నాకు తట్టనే లేదక్కా! ఎట్ల పట్టుకుంటివి? ఇంగోసారి సూపీ!" అని కుర్చీ నా పక్కకు జరుపుకుంది. సార్ నన్ను మెచ్చుకున్నాడు. నాకేమో ఆ మెప్పు ఒంటికి పట్టలేదు. తన తప్పు బయటపడితే అంత ఉత్సాహంగా ఎలా ఉండగలిగిందో, నేనెందుకు ఉండలేకపోయానో, ఆ కుళ్ళు వేరే.

సాయంత్రం ఇంట్లో ఆమే అందరికీ చెప్పింది. "నేను రాసిందాంట్లో పెద్ద తప్పు ఉండె అత్తా. అక్క గాబట్టి పట్టుకున్యాది."

అత్త ఆమె తల నిమిరింది. "తప్పు నాదేనని సెప్పుకుంటాండాది సూడు. ఎంత మంచి మనసమ్మా నీది!"

మా ఆయన నా వైపు చూసి నవ్వు ఆపుకున్నాడు. నేను నీళ్ళు తాగే నెపంతో లేచాను.

ఆ తెలుగు అక్షరాల లెక్క ఇద్దరం కలిసే సరిచేశాం. ఇప్పుడు ఆ భాగం ఇద్దరిదీ. ఆమె రాస్తుంది, నేను సరిచూస్తాను. చిన్న తప్పు కనిపించినా ఆ రోజంతా ఆమెతో ఎంతో ప్రేమగా మాట్లాడతాను. కనిపించకపోతే తలనొప్పని చెప్పి ఇద్దరం కలిసి వెళ్ళే బండి తీసుకుని ముందే వచ్చేస్తాను. ఆమె షేర్ ఆటోలో వస్తుంది, దారిలో నాకు తలనొప్పి మాత్రలు కొనుక్కుని.