నీటి తాబేలు ఉన్న ఇంట్లో మా లక్ష్మి జ్వరం

ఆ ఉదయం మా లక్ష్మి పాలు వద్దంది. మూడేళ్ల పిల్ల, రోజూ గ్లాసు లాక్కుని తాగేది. ఆ రోజు గోడవైపు తిరిగి మోకాళ్లు కడుపులోకి ముడుచుకుంది. ఒళ్లు కాలిపోతోంది. మధ్యాహ్నానికి విరేచనాలు మొదలయ్యాయి. సాయంత్రానికి వాటిలో జిగురు, రక్తం కనిపించాయి.

అప్పట్లో మేము బెంగాల్‌లో ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్‌లో ఒకే గదిలో ఉండేవాళ్లం. మా ఆయన డాక్‌లో క్రేన్ నడిపేవారు. ఇంట్లో మా అత్త, లక్ష్మి, ఇంకా పళ్లు రాని బాబు. మా వాడలో విరేచనాలంటే ముందు కలరా మాటే వచ్చేది. పక్కింటి బెంగాలీ ఆవిడ గుమ్మం అవతలే నిలబడి "కలరా నాకి, దీదీ?" అని, కలరాయేనా అన్నట్టు అడిగింది.

వీధి డాక్టరు ఇచ్చిన మాత్రలు కడుపులో నిలవలేదు. మర్నాటికి పిల్ల కళ్లు లోతుకు పోయాయి. ఏడ్చినా కన్నీరు రాలేదు. మా ఆయన డ్యూటీ మానేసి టాక్సీ తెచ్చారు.

ఆసుపత్రిలో సెలైన్ పెట్టడానికి నరం దొరకలేదు. రెండు చేతులూ పొడిచి, చివరికి చీలమండ దగ్గర కోసి పెట్టారు. కట్‌డౌన్ అంటారట. పిల్ల అరవలేదు. అరవకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"కలరాలా లేదు. స్టూల్ కల్చర్, బ్లడ్ కల్చర్ రానివ్వండి" అన్నారు పెద్ద డాక్టరు.

జ్వరం కాస్త తగ్గి, బార్లీ నీళ్లు రెండు చెంచాలు తాగితే గండం గడిచిందనుకున్నాను. అంతలోనే జ్వరం మళ్లీ ఎగిసి ఫిట్స్ వచ్చాయి. మెనింజైటిస్ అనుమానంతో వెన్నులో సూది గుచ్చి నీరు తీశారు. తలుపు బయట నిలబడ్డ నాకు దేవుడి పేరు కూడా గుర్తుకు రాలేదు. పిల్ల జుట్టు చిక్కులు పడిపోయి ఉంటుందే, దువ్వలేదే అని అదొక్కటే ఆలోచన.

ఆ నీటిలో ఏమీ లేదన్నారు. తర్వాత కల్చర్ రిపోర్టు వచ్చింది. డాక్టరు మా ఆయన్ని హిందీలో అడిగారు.

"సాల్మొనెల్లా అనే క్రిమి. రక్తంలోకి కూడా పాకింది. ఇంట్లో కోళ్లు, బాతులు ఉన్నాయా?"

"లేవు సార్."

"మరే జంతువైనా?"

"చిన్న నీటి తాబేలు ఉంది సార్. డాక్ దగ్గర దొరికితే పిల్ల ఆడుకుంటుందని తెచ్చాను."

ఆయన గొంతు పెంచలేదు. "తాబేలు చూడటానికి బాగానే ఉంటుంది. దాని పేగుల్లోని క్రిమి నీళ్లలోకి వస్తుంది. పిల్ల అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. ఇంట్లో ఇంకా పిల్లలున్నారా?"

బాబు మా అత్త దగ్గరున్నాడు. బాబుకు నీళ్లు పోసే బేసిన్‌లోనే ఆవిడ తాబేలునూ కడిగేది.

మా ఆయన ఇంటికి పరిగెత్తారు. తాబేలును తీసెయ్యాలంటే అత్త అడ్డం పడిందట.

"సాచ్చాత్తు కూర్మనాథుడు మనింటికొచ్చినాడు. సామి వల్ల రోగాలేటిరా? నీకు మతి గానీ పోనాదేటి?"

"దండమెట్టుకో అమ్మా, ముట్టుకోకు. గుంటడికి కూడా వస్తే ఏటి సేస్తావు?"

ఆ మాటకు అత్త బేసిన్ వదిలేసి, బాబును ఎత్తుకుని నేరుగా ఆసుపత్రికి వచ్చేసింది. "ఓలె, సూడు. ఈడికేటీ అవ్వనేదు కదా?" అంటూ నా చేతుల్లో పెట్టింది.

బాబు పరీక్షలోనూ అదే క్రిమి కనిపించింది. "జబ్బు పడలేదు, గమనిస్తూ ఉండండి" అన్నారు డాక్టరు. వాడి గుడ్డ మార్చిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. వాడికి ఏమీ కాలేదు. లక్ష్మికి యాంపిసిలిన్ ఇంజెక్షన్లు చాలాకాలం సాగాయి. ఒక మధ్యాహ్నం అది కళ్లు తెరిచి "మా, ముడీ ఖాబో" అని మరమరాలు అడిగింది. అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తాబేలును పక్కింటి పిల్లలు అడిగారు. ఇవ్వలేదు. దొరికిన చోటే మా ఆయన వదిలేసి వచ్చారు.

లక్ష్మి ఇప్పుడు బడికి వెళ్తోంది. ఎవరికి కాస్త కడుపునొప్పి అన్నా నాకు ఇప్పటికీ ఒళ్లు చల్లబడుతుంది. తాబేలు అరవదు, కరవదు, పిల్లలకు మంచి కాలక్షేపం అని చాలామంది అంటారు. చేతులు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంటికి అది తగదు. ఇప్పటికే పెంచుతూ ఉంటే, పిల్లకు జ్వరంతో విరేచనాలు పట్టిన రోజున డాక్టరు అడిగే దాకా ఆగకండి. ఇంట్లో తాబేలు ఉందని ముందే చెప్పండి.