నల్లబల్ల మీద పది పాటలు

పోయిన ఆదివారం అబిడ్స్‌లో పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే, ఒక నిఘంటువుకీ వంటల పుస్తకానికీ నడుమ ఇంగ్లీషు పాటల రికార్డు అట్ట కనిపించింది. లోపల రికార్డు లేదు. వెనకవైపు సన్నటి అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. "ఖాళీది ఏం జేసుకుంటరమ్మా?" అని అమ్మేవాడు నవ్వాడు. నేను ఇంగ్లీషు నేర్చుకున్నదే అలాంటి అట్టల వెనక అని అతనికేం చెప్పను?

అరవైలలో మాది నాంపల్లిలో ఉమ్మడి ఇల్లు. ఆడపిల్లల్ని బడికి పంపే ఆనవాయితీ లేదు. నాకు చదువు చెప్పింది మా మేనత్త. ఇరవై రెండేళ్లకే భర్తను పోగొట్టుకుని, ఆయన నేర్పిన ఇంగ్లీషుతో పుట్టింటికి వచ్చేసింది. గడప దాటడానికి ఆమెకు దొరికే సెలవు ఒక్కటే, శనివారం పొద్దున గుడి. గుడికి నిజంగానే వెళ్లేవాళ్లం, ప్రదక్షిణల్లో ఒక్కటి కూడా తగ్గించేవాళ్లం కాదు. ఆ తర్వాత అబిడ్స్‌లో రికార్డుల దుకాణం. దాని గుమ్మంలో ఒక నల్లబల్ల, దాని మీద ఆ వారం ఎక్కువమంది అడిగిన పది ఇంగ్లీషు పాటలు సుద్దముక్కతో వరసగా రాసి ఉండేవి. అదే నా మొదటి వాచకం. ఏది ఎక్కిందో ఏది దిగిందో అత్త నాచేత చదివించి, లోపలికి తీసుకెళ్లి, అట్టల వెనక ఆ పాటల పుట్టుపూర్వోత్తరాలు చదివించేది. అందులో ఒకటి ఆమెకు ప్రాణం. ఎవరో బట్టలమిల్లులో పనిచేసే పిల్ల పాడిందట. కంపెనీవాళ్లకు నచ్చక రికార్డు రెండోవైపు వేశారట. రేడియో ఆయనొకడు పొరపాటున తిప్పి పెడితే ఊరూరా అదే కావాలన్నారట. మా బల్ల మీద మాత్రం అది పదో నంబరు దగ్గరే వేలాడేది. అత్త ఊరుకుంటేనా? వెళ్లినప్పుడల్లా "గా పాట జర పెట్టున్రి" అని రెండుసార్లు అడిగేది. అడిగినప్పుడల్లా దుకాణం పెద్దాయన ఒక గీత గీసుకునేవాడు. నాలుగు వారాల్లో దాన్ని మూడుకు ఎక్కించింది. వెంకన్నకు ముడుపు కూడా కట్టిందేమోనని నాకు ఇప్పటికీ అనుమానమే.

ఈ గుట్టు బయటపెట్టింది నేనే. మా పెద్దబాపు, అంటే నాన్నకు అన్న, ఇంటికి పెద్ద. ఆయన ఆఫీసు స్నేహితుడొకాయన వచ్చి "ఇంగ్లీషు వస్తదా బిడ్డా?" అంటే, తొమ్మిదేళ్ల నేను చేతులు కట్టుకుని పది పాటలూ, పాడినవాళ్ల పేర్లతో సహా, నంబర్లవారీగా అప్పజెప్పాను. మూడో నంబరు దగ్గర కాస్త రాగం కూడా తీశాను. ఆ స్నేహితుడు గేటు దాటేదాకా పెద్దబాపు నవ్వుతూనే ఉన్నారు. తర్వాత ఇవన్నీ ఎక్కడ నేర్చావని అడిగితే దుకాణం సంగతి కూడా చెప్పేశాను.

"ఏంది చెల్లే గిది? గుడి పేరు చెప్పి గీ తిరుగుడా? ఇగ శనివారం లేదు, పోరికి చదువు లేదు. నలుగురు ఏమంటరు?"

బియ్యం ఏరుతున్న అత్త చేట పక్కన పెట్టింది. "బొట్టు తియ్యమన్నరు, తీసిన. పూలు వద్దన్నరు, వదిలేసిన. చెవులు మాత్రం నావే అన్నా. దేవుడిచ్చిండు, అడిగితే ఆయనకే ఇస్త."

"గంత మాటనా?"

"ఔ."

అత్త మళ్లీ చేట అందుకుంది. శనివారం పొద్దున్నే పెద్దబాపు గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని, కాళ్లు బారజాపి, పేపరు పట్టుకున్నారు. అత్త నా చెయ్యి పట్టుకుంది. "జర కాళ్లు జరుపన్నా. గుడికీ పోతం, పాటలకీ పోతం." ఆయన పేపరు దించలేదు. కానీ కాళ్లు ముడుచుకున్నారు. ఆ ఒక్కందుకు ఆయన పేరు తలుచుకుని ఇవాళ్టికీ దీపం దగ్గర దణ్ణం పెట్టుకుంటాను.

తీరా అబిడ్స్ చేరేసరికి బల్ల మీద మా పాట లేదు. నాకు ఏడుపొచ్చింది. అత్త పకపకా నవ్వింది. "దాని వారాలు అయిపోయినయ్ తియ్. పదోది కొత్తగున్నది, చదువు."

చదివాను, పదకొండేళ్లు. ఎంత గొప్ప పాటైనా ఆ బల్ల మీద రెండు నెలలు నిలవలేదు. మా శనివారాలు మాత్రం, దేవుడి దయవల్ల, నా పెళ్లినాటి దాకా నిలిచాయి.