ఒంటె మోకాలికి తాడేది?

మా బిల్డింగులో ఏసీలు బాగుచేసే జగిత్యాల రాజన్న ఈ రోజు నా ఆరు నెలల పనిలో తప్పు పట్టాడు. ఆనందం ఆగక వెంటనే రాస్తున్నాను!

మొదటి ప్రపంచ యుద్ధంలో ఈజిప్టు ఎడారిలో పోరాడిన మన ఒంటెల దళాన్ని బొటనవేలంత బొమ్మలతో చేస్తున్నాను. కూర్చున్న ఒంటెల వెనక నక్కి సిపాయిలు తుపాకులు పేలుస్తుంటారు. ఎల్లుండే షార్జాలో ప్రదర్శన. పాత ఫోటోలు ముందు పెట్టుకుని, చొక్కా బొత్తాలు కూడా లెక్కపెట్టి మరీ రంగులు వేశాను.

మా ఏసీ బాగుచేయడానికి వచ్చి నిచ్చెన ఎక్కబోయిన రాజన్న నా బల్ల చూసి ఆగిపోయాడు.

“సార్, ఒంటెలకు మోకాళ్లు కట్టలేదేంది? తుపాకి పేలంగనే లేచి ఉరుకుతయి. లడాయి ఖలాస్!”

“నీకెలా తెలుసు రాజన్నా?”

“ఈ పనికి రాకముందు నాలుగేండ్లు నాకు వీసా ఇచ్చిన అరబ్బు సేటు, కఫీల్ ఒంటెలే కాసిన సార్. కూసోబెట్టినంక ముందుకాలు మడిచి కట్టాలె. ఒక్కనాడు మర్సిన, పొద్దుగూకేదాంక ఉరికిచ్చినయి.”

ఆ పాత ఫోటోలు మళ్లీ బయటికి తీసి చూశాను. వందసార్లు చూసినవే. కూర్చున్న ప్రతి ఒంటె మోకాలికీ తాడు ఉంది!

కుట్టుదారానికి నేను మట్టిరంగు పూసి ఇస్తుంటే, ఏడు ఒంటెలకూ రాజన్నే ట్వీజర్‌తో కట్లు వేశాడు. ఆఖరి ముడి బిగిసినప్పుడు ఇద్దరం చప్పట్లు కొట్టుకున్నాం.

ఎల్లుండి వచ్చేవాళ్లు బొత్తాల సంగతి తర్వాత, ముందు మోకాళ్లు చూడండి. ఇంకేమైనా తప్పు కనిపిస్తే మొహమాటపడకుండా చెప్పండి.

ఏసీ మాత్రం ఇంకా పనిచేయడం లేదు. రాజన్న వెళ్లిపోయి గంటయ్యాక, ఒళ్లంతా చెమట పడితే గానీ గుర్తు రాలేదు.