బురుజుకు అంటించిన అద్దం

ఎల్లారెడ్డి నుంచి నిజాంసాగర్ నీళ్ల వైపు పోతుంటే ఒడ్డు మీద ఒక ఊరుంది. బస్సు దిగగానే ముందు బురుజే కనబడుతుంది. మూడు నిలువుల ఎత్తు, కింద మోకాలెత్తు రాయి, పైన మట్టి, మట్టి మీద డంగు సున్నం. తాడ్వాయి నుంచి పిట్లం దాకా పాత కట్టడాలు చూసుకుంటూ తిరిగే అలవాటు కొద్దీ నేనూ అక్కడ దిగాను. దాన్ని ఎవరు కట్టించారని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. ఇంకా ఎట్లా నిలిచిందని అడిగితే మాత్రం అందరూ ఒకే ఇంటివైపు వేలు చూపించారు.

ఆ ఇల్లు మోయిజ్ మేస్త్రీది. అరవై ఆరేళ్ల మనిషి. సున్నంలో నాని నాని అరచేతులు చెట్టు బెరడులా ఉన్నాయి.

"నిలవెట్టింది నేనే, పడగొట్టబోయింది గూడ నేనే. రాసుకుంటే రెండూ రాసుకో," అన్నాడు.

ఆయన భార్య మజీదా నా ముందు చాయ్ పెడుతూ, "ముందుగాల రెండోది చెప్పు," అంది.

తాత కాలం నుంచి వాళ్లది సున్నం పని. ఎద్దులను కట్టిన గానుగలో సున్నం ఆడించి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి తండ్రి గోడలు మెత్తేవాడు. "మట్టిగోడ వానకు తాగుతది, ఎండకు కక్కుతది. దాని నోరు మూయకు బేటా," అని చెప్పేవాడు. మోయిజ్ ముప్పై నిండకముందే సౌదీ పోయాడు. పద్దెనిమిదేళ్లు అక్కడ సిమెంటు తప్ప మరొకటి ముట్టలేదు. తిరిగి వచ్చిన ఏడాది, బురుజు అడుగున సున్నం పెచ్చులూడుతున్నదని ఊరు ఆయననే పిలిచింది. మనిషెత్తు వరకు చుట్టూరా సిమెంటు పూశాడు. పచ్చి మీదనే మేకుతో 'మోయిజ్, 2006' అని గీశాడు. గీతలు ఆరక ముందే జనం వచ్చి నిమిరి చూసి మెచ్చుకున్నారు.

పోయిన వానకాలం ఐదు రోజులు వాన తెరిపి ఇవ్వలేదు.

బురుజు పక్కనే గంగమణి ఇల్లు. ఆమె గోడకూ బురుజుకూ మధ్య బారెడు సందు. శుక్రవారం పొద్దున వెనక సాయబాన్ నీడలో బీడీలు చుడుతుంటే చాటలోని ఆకుల మీద చిన్న చిన్న రాళ్లు రాలాయి. తలెత్తి చూసింది. బురుజు మీద వేలు పట్టేంత పగులు. దాని కింద గోడ ఆమె ఇంటి వైపే కడుపులా ఉబ్బి ఉంది.

మర్నాడు ఒక ఇంజనీరు వచ్చి చూశాడు. సోమవారం జేసీబీతో పడగొట్టాల్సిందే అన్నాడు. పాత సర్పంచి లక్ష్మీరాజం మాట ఊళ్లో ఇప్పటికీ చెల్లుతుంది, ఆయనా సరేనన్నాడు. అప్పుడు మోయిజ్ ముందుకొచ్చాడు.

"బండి తాకితే అది మీ దిక్కు పడదు సార్. ఉబ్బిన దిక్కే, గంగమణి ఇంటి మీదనే పడ్తది. రెండు దినాలు ఇయ్యిండ్రి."

"రెండు రోజుల్లో ఏం చేస్తావయ్యా?"

"ఇంక కదులుతున్నదా, కదిలి ఆగిందా చూస్త."

ఇంజనీరు కాసేపు ఉబ్బు వైపు చూశాడు. "సోమవారం పదింటికి బండి వస్తది. అప్పటిదాకా చూసుకో. ఆ ఇంట్లో మాత్రం మనిషి ఉండొద్దు."

గంగమణి బీడీ చాట, రెండు మేకలు తీసుకొని మజీదా ఇంటికి చేరింది. మోయిజ్‌కు పల్చటి అద్దం కావాలి. ఇంట్లో ఉన్నది ఒక్కటే, గోడకు వేలాడే ఆయన సౌదీ ఫోటోకు బిగించినది.

"దాన్ని పలగ్గొడ్తవా?" అంది మజీదా.

"ఫోటో యాడికి పోదు. అద్దమే కావాలె."

దాన్ని వేలెడు వెడల్పు ముక్కలుగా కోశాడు. పగులుకు అడ్డంగా, పైన ఒకటి, నడుమ ఒకటి, కింద ఒకటి పెట్టి, రెండు కొసలకూ సిమెంటు ముద్ద అంటించాడు. గోడ వెంట్రుకంత కదిలినా అద్దం విరుగుతుంది.

"ఏంది మేస్త్రీ, బురుజుకు అద్దం చూపిస్తున్నవు? ముస్తాబు చేసి తోలుతవా?" అన్నాడు లక్ష్మీరాజం. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మోయిజ్ నవ్వలేదు.

ఆదివారం తెల్లవారగానే, సన్నటి తుంపరలో, నిచ్చెన వేసుకొని చూశాడు. పైది బాగుంది. నడిమిదీ బాగుంది. కిందది రెండు ముక్కలైంది.

"అయిపాయె," అన్నాడు లక్ష్మీరాజం, జేబులోంచి ఫోను తీస్తూ. "ఇయ్యాల్నే రమ్మంట."

మోయిజ్ నిచ్చెన దిగి గోడ ముందు కూర్చున్నాడు. విరిగిన అద్దానికి సరిగ్గా జానెడు కింద ఆయన పేరుంది. తాపీ పిడితో సిమెంటు మీద కొట్టి చూశాడు. డొల్ల చప్పుడు. ఇంకోచోట కొట్టాడు. అదే చప్పుడు. గోడ వైపే చూస్తూ అందరికీ వినబడేటట్టు అన్నాడు:

"తప్పు నాది. పైనుంచి దిగిన నీళ్లు లోపల్నే ఉన్నయి. బయటికి పోనీకి తొవ్వ లేదు. సిమెంటు పూసి తొవ్వ మూసింది నేనే."

గంగమణి కొంగు నడుముకు దోపుకొని ముందుకొచ్చింది.

"అంటే ఇన్నేండ్లు నా గోడ ఎనక నీళ్లకుండ పెట్టినవా మోయిజన్నా?"

"పెట్టిన, గంగమణీ."

"మరి దించు. నువ్వే దించు."

"సిమెంటు చెక్కుతుంటే మీద పడితే?" అన్నాడు లక్ష్మీరాజం, ఫోను ఇంకా చేతిలోనే ఉంది.

"పడితే నా మీదనే పడ్తది. దగ్గరికి ఇంకెవ్వరు రావొద్దు."

ఉబ్బుకు నాలుగు వేప దూలాలు ఏటవాలుగా ఆనించారు. అందరినీ దూరం పంపాడు. మజీదా మాత్రం పోలేదు. ఉలి చప్పుడులో కేక వినబడదని స్టీలు పళ్లెం, గరిటె పట్టుకొని ఎదురింటి అరుగు మీద నిలబడింది. ఆమె పని పగులు మీద నుంచి చూపు తిప్పకపోవడం. మన్ను రాలితే పళ్లెం కొట్టాలి.

బరువు దెబ్బ వేస్తే గోడ అదురుతుంది. అందుకని చిన్న సుత్తితో సగం దెబ్బలే వేస్తూ బెత్తెడు మేర చెక్కాడు. పక్కనే చెక్కకుండా రెండు జానలు వదిలి ఇంకో బెత్తెడు. మొదటి కంతలో పొడి మట్టి వచ్చింది. రెండో దాంట్లో తడి. మూడో దాంట్లో ఉలి దిగి తీయగానే చాయ్ రంగు నీళ్లు సన్నటి ధారగా కారాయి.

పళ్లెం మోగింది.

మోయిజ్ మోకాళ్ల నొప్పి మనిషి. అయినా ఆ రోజు ఎట్లా ఉరికాడో తనకే తెలియదంటాడు. పైనుంచి దోసెడు రాళ్లు, దాని వెనక తట్టెడు మట్టి జారి, ఆయన కూర్చున్న చోటే పడ్డాయి. ఒక దూలం కిర్రుమన్నది. ఇంకేమీ రాలలేదు. నీళ్లు మాత్రం కారుతూనే ఉన్నాయి.

ఆయన మళ్లీ ఉలి తీసుకున్నాడు.

"బస్ జీ, ఇగ సాలు!" అని అరిచింది మజీదా.

"ఇంక రెండే!"

ఐదో కంత పడుతుండగా, పేరున్న సిమెంటు పలక తనంతట తానే ఊడి, ఆయన పాదానికి అడుగు దూరంలో పగలకుండా పడింది. దాని వెనక మట్టి బురద ముద్దలా ఉంది. మధ్యాహ్నానికి మూడు కంతల్లోంచి నీళ్లు గంగమణి వాకిలి దాటి బజారు దాకా పారాయి. విరిగిన అద్దం తీసేసి అక్కడే కొత్త ముక్క అంటించాడు.

సోమవారం పదింటికి జేసీబీ వచ్చింది. మోయిజ్ రెండు చేతులూ అడ్డం పెట్టి ఉరికాడు. "బంద్ చెయ్యి! బండి బంద్ చెయ్యి, అదురుతది!"

ఇంజన్ ఆగింది. ఇంజనీరు నిచ్చెన మీద రెండు మెట్లెక్కి, కొత్త అద్దం మీద గోరుతో ఈ కొస నుంచి ఆ కొస దాకా గీసి చూశాడు. అద్దం విరగకుండా ఉంది. కంతల్లో వేలు పెట్టి చూశాడు. ధార పోయి నీళ్లు చుక్కలకు దిగాయి. లక్ష్మీరాజం తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

"పైన పిట్టగోడ వదులైంది. దాన్ని చేత్తో దించాలి, బండి వద్దు," అన్నాడు ఇంజనీరు.

"దించుత సార్."

"వానలు పోయేదాకా ఆ ఇంట్లో ఎవరూ పడుకోవద్దు."

జేసీబీ అంత ఇరుకు గల్లీలో తిరగలేక, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పోయింది.

గంగమణి రెండు నెలలు మజీదా ఇంట్లోనే ఉంది. కూరలో కారం కాడ రోజూ ఇద్దరికీ పంచాయితీ. దసరా నాటికి మోయిజ్ మిగిలిన సిమెంటంతా తీసేశాడు. గానుగ లేదు కాబట్టి రోట్లో నూరిన సున్నం పూస్తున్నాడు. నాలుగడుగుల పిట్టగోడ పోయి బురుజు ఇప్పుడు కొంచెం పొట్టిగా ఉంటుంది.

నేను ఆ ఊరికి పోయిన రోజు కూడా ఆయన పొద్దున్నే అద్దం దగ్గరికి నడిచాడు, వెనక నేను. గంగమణి వాకిట్లో గిన్నెలు తోముతోంది. గిన్నెల కింద రాయిలా వేసుకున్నది ఆ సిమెంటు పలకనే.

"దినాం బూడిదేసి రుద్దుతున్న మోయిజన్నా," అంది తలెత్తకుండా. "నీ పేరు పోతనే లేదు."

ఆయన అద్దం మీద వేలు ఆనించి, ఆ కొస దాకా మెల్లగా జరిపి, అప్పుడు జవాబిచ్చాడు.

"గట్టిగ రుద్దు."